నాలుగడుగుల నేల

పాఠ్యభాగ ఉద్దేశం

రోజూ మన కళ్ల ముందు తిరిగే వీధి వర్తకుల జీవనవిధానాన్ని, వారి శ్రమలోని నైపుణ్యాన్ని, వారు ఎదుర్కొనే ఇబ్బందులను విద్యార్థులకు తెలియజేయడం. రాజ్యాంగం, చట్టం వారికి కల్పించిన రక్షణలను పరిచయం చేయడం. మన బజారును ఇతర దేశాల బజార్లతో పోల్చి చూసే దృష్టిని అలవరచడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగ నేపథ్యం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. ఒక విషయాన్ని తీసుకొని, దాని పూర్వాపరాలను పరిశీలించి, ఉదాహరణలతో సమర్థిస్తూ సూటిగా వివరించేది వ్యాసం. మామిడితోటలకు పేరు పొందిన మైలవరం, నూజివీడు ప్రాంతాల బజారును ఆధారంగా చేసుకొని ఈ వ్యాసం సాగుతుంది. ప్రాచీన సాహిత్యం, శాసనం, న్యాయస్థానపు తీర్పు, స్పానిషు భాష మాట్లాడే దేశాల అనుభవం ఇందులో ప్రస్తావనకు వస్తాయి.

పాఠ్యభాగం

పోతన భాగవతంలోని వామనావతార ఘట్టం తెలుగువారందరికీ పరిచితమైనదే. వామనుడు బలిచక్రవర్తిని మూడడుగుల నేల అడిగాడు. రెండడుగులతోనే భూమ్యాకాశాలను ఆక్రమించి, మూడవ అడుగును బలి శిరస్సుపై మోపాడు. మన ఊళ్లలో రోడ్డు పక్కన గంప దించుకొని కూర్చునే వీధి వర్తకురాలు అడిగేది నాలుగడుగుల నేల. ఆ నేలతో ఆమె ఏ లోకాన్నీ ఆక్రమించదు. సాయంత్రానికి ఇంట్లో పొయ్యి వెలిగితే ఆమెకు చాలు. అయినా ఆ నాలుగడుగుల కోసం ఆమె వెనుకనున్న దుకాణదారును, ఆశీలు వసూలు చేసేవాణ్ని, వాహనాల రద్దీని అదుపు చేసే పోలీసును ప్రతిదినం బతిమాలుకోవలసి వస్తున్నది. బజారులో అందరికంటె తక్కువ స్థలం వాడుకొనే మనిషి ఆ స్థలం కోసం అందరికంటె ఎక్కువగా ప్రాధేయపడవలసి రావడం ఆలోచించదగిన విషయం.

మామిడి సీమలో బజారు

విజయవాడ నుంచి తిరువూరు వెళ్లే మార్గంలో మైలవరం ఉన్నది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో మైలవరం ఎన్టీఆర్ జిల్లాలోను, నూజివీడు ఏలూరు జిల్లాలోను చేరాయి. అంతకు పూర్వం రెండూ కృష్ణా జిల్లాలోనివే. జిల్లాలు వేరైనా తోటలు మాత్రం వేరు కాలేదు. మైలవరం, రెడ్డిగూడెం, విస్సన్నపేట, ఆగిరిపల్లి, నూజివీడు, ముసునూరు, చాట్రాయి ప్రాంతాలలో ఎటు చూసినా మామిడితోటలే కనిపిస్తాయి. బంగినపల్లి, చిన్న రసం, పెద్ద రసం, చెరకు రసం, కొత్తపల్లి కొబ్బరి, సువర్ణరేఖ, కలెక్టరు మొదలైన రకాలు ఈ సీమ సొత్తు. బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక సూచికగా గుర్తింపు లభించింది.

తోటలో పండిన కాయ తినేవారి నోటికి చేరడానికి రెండు దారులున్నాయి. ఒకటి పెద్ద దారి. పూత మీదనో పిందె మీదనో వ్యాపారి తోటను కొంటాడు. కోతకు వచ్చిన కాయ విజయవాడ సమీపంలోని నున్న మామిడి మార్కెట్టుకు చేరి, అక్కడి నుంచి లారీలెక్కి ఉత్తరాది నగరాలకు తరలిపోతుంది. రెండవది చిన్న దారి. లారీకి ఎక్కించే ముందు ఏరివేసిన చిన్న కాయలు, మచ్చపడిన కాయలు, వేసవి గాలిదుమారానికి రాలిన పచ్చికాయలు గంపలలోకి, తోపుడుబండ్ల మీదికి చేరుతాయి. చక్కని కాయ దూరదేశాలకు పోగా, మిగిలినదాన్ని పండిన ఊరివారికే దక్కించేది ఈ చిన్న దారి. వీధి వర్తకులే లేకపోతే మామిడి సీమలోని కూలి కుటుంబం మామిడిపండు రుచి ఎరగడం కష్టమే.

ఏ కాయను ఏమి చేయాలో తెలియడం ఈ వృత్తిలో మొదటి విద్య. పుల్లని కలెక్టరు కాయను చీలికలుగా కోసి, ఉప్పు కారం అద్ది, కళాశాలల ముందు అమ్ముతారు. పీచు, పులుపు ఉన్న కాయను ఆవకాయకు కేటాయిస్తారు. కొన్నవారు కోరితే కత్తిపీట మీద టెంకతో సహా ముక్కలు కొట్టి ఇస్తారు. రసాలను చేతితో మెత్తగా నలిపి జుర్రుకోవాలని, బంగినపల్లిని కోసుకొని తినాలని చెప్పి మరీ అమ్ముతారు. వరిగడ్డిలో మాగవేసిన కాయ ఎప్పటికి పండుతుందో, ముచ్చిక దగ్గర వాసన చూసి చెప్పగలరు. ఈ పండు నేడు కొనవలసింది, ఆ పండు ఎల్లుండికి పనికివస్తుంది అని వేరుచేసి ఇచ్చే ఆ నేర్పు ఏ పాఠశాలలోనూ నేర్పేది కాదు.

అమ్మకంలో మాటనేర్పుకూ స్థానం ఉన్నది. వేసవిలో ఈ ప్రాంతపు ఏ బస్టాండు దగ్గర నిలబడినా ఇటువంటి సంభాషణ వినిపిస్తుంది:

“డజను ఎంత, మామ్మగారూ?”

“నూటయాభై, బాబూ. మందు పెట్టినవి కావు, గడ్డిలో మాగిన రసాలు.”

“నూరు చేసుకోండి.”

“నూరుకు నాకే పడలేదు, నాయనా! పొద్దున్నించీ బోణీ లేదు. నూటముప్ఫై ఇయ్యి, పైన ఒక కాయ కొసరు వేస్తాను.”

“అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి” అని మన సామెత. అమ్మేటప్పుడు సరకుకు ధర రాదు, కొనేటప్పుడు ధర మండిపోతుందని దాని భావం. ఆ అడవికీ ఆ కొరివికీ నడుమ ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చే ఉపాయమే బేరం. బేరం ముగిశాక ప్రేమతో వేసే ఆ ఒక్క కాయ కొసరు. కొసరులో పోయేది ఒక కాయ, వచ్చేది ఒక వాడిక.

సముద్రాలకు ఆవల

ఈ కొసరు మన బజారుకే పరిమితమైన ఆచారం కాదు. దక్షిణ అమెరికాలోని పెరూ, బొలీవియా దేశాల బజార్లలో కొన్న సరకు మీద అదనంగా వేసే పిడికెడు గింజలను, ఒక పండును ‘యాపా’ అంటారు. ఇది అక్కడి ఆదివాసుల కెచువా భాషకు చెందిన మాట. మెక్సికోలో దానినే ‘పిలోన్’ అంటారు. ఇవన్నీ స్పానిషు భాష మాట్లాడే దేశాలు. ఐరోపాలోని స్పెయిన్‌తో పాటు మెక్సికో నుంచి అర్జెంటీనా వరకు సుమారు 20 దేశాలలో ఆ భాష వాడుకలో ఉన్నది. ఆ దేశాలలోని వీధి వర్తకుల జీవితాన్ని చూస్తే మన బజారును అద్దంలో చూసినట్లే ఉంటుంది.

మెక్సికోలో వారంలో ఒక రోజు ఒక వీధిలో వెలసి, సాయంత్రానికి గుడారాలు ఎత్తివేసుకొని, మరునాడు మరొక వీధికి తరలిపోయే బజారును ‘తియాంగిస్’ అంటారు. ఇది మన వారపు సంత వంటిదే. ఆ మాట స్పానిషు మాట కాదు. స్పెయిన్ వారు రాకముందే అక్కడివారు మాట్లాడిన నావాట్ల్ భాషలోనిది. రాజ్యాలు మారినా, భాష మారినా, సంత పేరు మారలేదు.

ఆ సంత ఎంత గొప్పదో తెలిపే ఒక పాత సాక్ష్యమున్నది. మెక్సికోను జయించిన స్పానిషు సేనాని హెర్నాన్ కోర్టెస్ 1520లో తన రాజుకు వ్రాసిన లేఖలో త్లాతెలోల్కో అనే బజారును వర్ణించాడు. అక్కడ ప్రతిదినం 60,000 మందికి పైగా క్రయవిక్రయాలు సాగిస్తారని, ఒక్కొక్క సరకుకు ఒక్కొక్క వీధి ఉన్నదని, తగవులు తీర్చడానికి పది పన్నెండు మంది న్యాయాధికారులు బజారులోనే కూర్చుంటారని తెలిపాడు. ఇంచుమించు ఆ కాలంలోనే డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు శ్రీకృష్ణదేవరాయల విజయనగరాన్ని దర్శించి, ఆ నగరంలో రోజుకొక చోట సంత జరుగుతుందని వ్రాశాడు. ఒకరి ఉనికి ఒకరికి తెలియని రెండు మహానగరాలు ఒకే కాలంలో సంతలతో కళకళలాడాయి.

తరువాతి కాలంలో ఆ రెండు ప్రపంచాలకు సంబంధం ఏర్పడింది. అమెరికా ఖండంలో పుట్టిన మిరప పోర్చుగీసువారి ఓడలలో మన దేశానికి వచ్చింది. మన ఉపఖండంలో పుట్టిన మామిడి తూర్పు దీవులకు వ్యాపించి, 1565 నుంచి 1815 వరకు ఫిలిప్పీన్సుకూ మెక్సికోకూ మధ్య తిరిగిన స్పానిషు ఓడల ద్వారా మెక్సికో చేరింది. అందుకే అక్కడ ఒక రకం మామిడికి నేటికీ మనీలా అనే పేరున్నది. నేడు మెక్సికో వీధులలో మామిడిపండును పుల్లకు గుచ్చి, పువ్వు ఆకారంలో చెక్కి, నిమ్మరసం పిండి, కారం చల్లి అమ్ముతారు. మైలవరంలో మామిడి చీలికకు కారం అద్దుతారు. వారి మిరప ఇక్కడికి, మన మామిడి అక్కడికి ప్రయాణించి, రెండు చోట్లా వీధి వర్తకుల చేతిలోనే ఒకదానినొకటి కలుసుకోవడం ఆశ్చర్యం కలిగించే విషయం.

అరుపుల విషయంలోనూ ఈ పోలిక కనిపిస్తుంది. సరకు పేరును రాగయుక్తంగా చాటే కేకను స్పానిషులో ‘ప్రెగోన్’ అంటారు. క్యూబా దేశపు సంగీతకర్త మొయిసెస్ సిమొన్స్ వేరుసెనగకాయలు అమ్మేవాడి కేకను ఆధారంగా చేసుకొని ‘ఎల్ మనిసెరో’ అనే పాటను కూర్చాడు. 1930లో న్యూయార్కులో డాన్ అస్పియాసు వాద్యబృందం దానిని రికార్డు చేయగా, అది దేశదేశాల్లో మారుమోగింది. మన వీధులలో ఆకుకూరల పేర్లను ఒక్క ఊపిరిలో వల్లించే తల్లి గొంతులోనూ అటువంటి లయ ఉన్నది. నేడు ఆ గొంతు స్థానంలో బండికి కట్టిన మైకులో రికార్డు చేసిన కేక వినిపిస్తున్నది. మెక్సికో నగరంలోనూ పాత సామాన్లు కొనే బండ్లు అలాగే రికార్డు చేసిన గొంతుతో తిరుగుతున్నాయి.

మన సాహిత్యంలో, శాసనంలో

వీధిని, వీధిలోని బతుకును మన పూర్వకవులు చిన్నచూపు చూడలేదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామం ఇందుకు నిదర్శనం. కొందరు పండితులు దానిని శ్రీనాథుని కృతిగా భావించారు. దశరూపకాలలో ‘వీథి’ అనే భేదానికి చెందిన ఈ కావ్యంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక్క రోజులో ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. రూక ఇస్తే భోజనం పెట్టే పూటకూళ్ల ఇల్లు వారికి అక్కడే తారసపడుతుంది. పద్దెనిమిదవ శతాబ్దానికి చెందిన అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతిలో నాటి వృత్తులు, వస్తువులు, తినుబండారాలు జాబితాలుగా కనిపిస్తాయి. చరిత్రకారుడు రాజుల దండయాత్రలను లెక్కిస్తే, ఈ కవులు బజారులో ఏమేమి అమ్మారో లెక్కించారు.

అంతకంటె విలువైన సాక్ష్యం ఒక శాసనంలో ఉన్నది. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం వేయించాడు. పూర్వం తుఫానుకు దారితప్పి ఒడ్డుకు చేరిన ఓడలలోని సరకును పాలకులు బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద తిరిగే వర్తకులకు ధనం ప్రాణం వంటిదని గ్రహించిన గణపతిదేవుడు, ఇకపై నిర్ణీత సుంకం మాత్రమే తీసుకొంటామని, మిగిలిన సరకు వర్తకులదేనని హామీ ఇచ్చాడు. ఈ శాసనంలో రెండు సూత్రాలున్నాయి. సుంకం ముందే తెలిసి ఉండాలి. సరకును జప్తు చేయరాదు. ఓడ నిండా సరకు ఉన్న వర్తకునికైనా, గంపెడు కాయలు ఉన్న వర్తకురాలికైనా కావలసిన అభయం ఇదే.

అప్పు, ఆశీలు, జప్తు

వీధి వర్తకులను పీడించే కష్టాలలో మొదటిది అప్పు. తెల్లవారుజామున సరకు కొనడానికి చేతిలో డబ్బుండదు. ఉదయం 900 రూపాయలు తీసుకొని సాయంత్రానికి 1,000 రూపాయలు చెల్లించే పద్ధతి అనేక పట్టణాలలో వాడుకలో ఉన్నది. ఇందులో ఒక పూటకు వడ్డీ 100 రూపాయలు. బ్యాంకు ఏడాదికి నూటికి 12 రూపాయల వడ్డీ తీసుకొన్నదనుకొందాం. అప్పుడు 900 రూపాయలకు ఏడాది మొత్తానికి అయ్యే వడ్డీ 108 రూపాయలు. ధనవంతుడు ఏడాదికి కట్టే వడ్డీని బీదరాలు దాదాపు ఒక పూటకు కడుతున్నదన్నమాట. అరవై రోజుల మామిడి కాలంలో ఆమె రోజూ అలా అప్పు తెస్తే, 900 రూపాయల కోసం 6,000 రూపాయల వడ్డీ చెల్లిస్తుంది. విజయవాడలో 2015 డిసెంబరులో వెలుగులోకి వచ్చిన కాల్‌మనీ ఉదంతం ఇటువంటి అధిక వడ్డీల దుష్ఫలితాలను రాష్ట్రమంతటికీ చాటింది.

రెండవది ఆశీలు. బజారులో, సంతలో కూర్చున్నవారి నుంచి రోజువారీగా వసూలు చేసే రుసుమును ఆశీలు అంటారు. పలు గ్రామాలలో పంచాయతీలు వసూలు హక్కును ఏడాదికొకసారి వేలం వేస్తాయి. వేలంలో హెచ్చు మొత్తానికి పాడుకొన్న వ్యక్తి ఆ మొత్తాన్ని, దానిపై లాభాన్ని గంపల నుంచే రాబట్టుకోవాలి. నిర్ణయించిన రేటును బజారులో బోర్డు మీద వ్రాసి, రసీదు ఇస్తే వర్తకులకు ఇబ్బంది లేదు. బోర్డు, రసీదు లేని చోట అడిగినంత ఇవ్వడమే రేటు అవుతుంది. గణపతిదేవుడు నిర్ణీత సుంకాన్ని శాసనంగా చెక్కించడంలోని విజ్ఞత ఇక్కడ తెలుస్తుంది.

మూడవది జప్తు. దుకాణంలోని ఇనుప సామాను నెల రోజులు తాళం వేసి ఉంచినా చెడదు. పండిన మామిడి రెండు రోజులు ఆగదు. ఉదయం బండిని పట్టుకుపోయి, మూడవనాడు తిరిగి ఇస్తే, బండి మిగులుతుంది కాని సరకు మిగలదు. సరకు కోసం తెచ్చిన అప్పు మాత్రం మిగులుతుంది. అందువల్ల వీధి వర్తకులకు జరిమానా కంటె జప్తు భయం అత్యధికం.

చట్టం ఏమంటున్నది?

మన రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణం పౌరులందరికీ వృత్తి, వ్యాపార స్వేచ్ఛను ఇచ్చింది. ప్రజల ప్రయోజనం కోసం ఆ స్వేచ్ఛపై సహేతుకమైన పరిమితులు విధించవచ్చునని 19(6) చెప్పింది. ఈ హక్కు వీధిలో అమ్ముకొనేవారికి వర్తిస్తుందా అన్న ప్రశ్న ఢిల్లీ వీధి వర్తకుల వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం ముందుకు వచ్చింది. సోదన్ సింగ్ కేసుగా ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యంలో 1989లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. వీధి వర్తకం కూడ రాజ్యాంగం గుర్తించిన వ్యాపారమేనని, వీధులు నడవడానికి మాత్రమే ఉన్నాయన్న కారణంతో దానిని పూర్తిగా నిషేధించరాదని ప్రకటించింది. అయితే ఫలానా చోటే కావాలని కోరే హక్కు ఎవరికీ లేదని కూడ స్పష్టం చేసింది. అంటే హక్కు దొరికింది కాని జాగా దొరకలేదు.

ఆ లోటును పూరించే ప్రయత్నంగా 2004లో జాతీయ విధానం, దాని తరువాత 2014లో వీధి వర్తకుల జీవనోపాధి రక్షణ, వీధి వర్తక నియంత్రణ చట్టం వచ్చాయి. ఈ చట్టం 2014 మే 1 నుంచి అమలులోకి వచ్చింది. ఇందులోని ముఖ్యాంశాలు ఇవి:

1. అయిదేళ్లకు ఒకసారైనా వీధి వర్తకులను సర్వే చేసి, అర్హులకు ధ్రువపత్రాలు ఇవ్వాలి. సర్వే ముగిసి ధ్రువపత్రాలు ఇచ్చే వరకు ఎవరినీ ఖాళీ చేయించరాదు.

2. ప్రతి పట్టణంలోనూ టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో 40 శాతానికి తక్కువ కాకుండా వీధి వర్తకుల ప్రతినిధులు, వారిలో మూడవ వంతు మహిళలు ఉండాలి.

3. పట్టణ జనాభాలో 2.5 శాతం వరకు వీధి వర్తకులకు చోటు కల్పించేలా ప్రణాళిక వేయాలి.

4. తరలించవలసి వస్తే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

5. సరకు స్వాధీనం చేసుకొంటే జాబితా వ్రాసి ఇవ్వాలి. యజమాని వచ్చి అడిగితే త్వరగా చెడిపోయే సరకును ఆ రోజే, మిగిలిన సరకును రెండు పనిదినాలలో విడుదల చేయాలి.

అయిదవ అంశం చదివితే మోటుపల్లి శాసనం స్ఫురించక మానదు. ఏడున్నర శతాబ్దాల తరువాత ఓడకు ఇచ్చిన అభయం తోపుడుబండికి అందింది. అయితే ఈ చట్టం పట్టణాల కోసం ఏర్పడినది. గ్రామ పంచాయతీల బజార్లలో గంప దించేవారికి టౌన్ వెండింగ్ కమిటీ అందుబాటులో ఉండదు. అక్కడ పంచాయతీ తీర్మానమే వారికి దిక్కు. పట్టణాలలో సైతం చట్టం ఉన్నదన్న సంగతి తెలియని వర్తకుడికి దానివల్ల కలిగే మేలు తక్కువే.

అప్పుల విషయంలోనూ కొంత ప్రయత్నం జరిగింది. కరోనా కాలంలో బజార్లు మూతపడినప్పుడు కేంద్ర ప్రభుత్వం 2020 జూన్‌లో పీఎం స్వనిధి పథకాన్ని ప్రారంభించి, పూచీకత్తు లేకుండా తొలి విడత 10,000 రూపాయల రుణం ఇప్పించింది. 2025లో ఆ మొత్తాన్ని 15,000 రూపాయలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడ 2020 నవంబరులో జగనన్న తోడు పేరుతో చిరువ్యాపారులకు 10,000 రూపాయల వడ్డీలేని రుణాలు ఇప్పించింది.

గుర్తింపు విలువ

గుర్తింపు లేకపోవడం ఎంత పెద్ద నష్టమో పెరూ దేశపు అనుభవం తెలుపుతుంది. ఆర్థికవేత్త హెర్నాందో దె సోతో 1986లో వెలువరించిన గ్రంథంలో ఒక ప్రయోగాన్ని వివరించాడు. ఆయన బృందం లీమా నగరంలో ఒక చిన్న కుట్టుపని కార్ఖానాకు చట్టప్రకారం అనుమతులు పొందాలని ప్రయత్నించగా అందుకు 289 రోజులు పట్టింది. బీదవాడు చట్టాన్ని కాదని వీధికెక్కడం లేదు. చట్టం గడపే అతనికి అందనంత ఎత్తులో ఉన్నదని దీని సారాంశం.

ఆ గడప దాటించే ప్రయత్నాలలో పొరపాట్లు కూడ జరుగుతాయి. మెక్సికో నగరంలో 2007 అక్టోబరులో వేలాది వీధి వర్తకులను ప్రాచీన నగరభాగం నుంచి తొలగించి భవనాలలోకి తరలించారు. వీధులు విశాలమయ్యాయి. కాని కొనేవారు నడిచే దారికి దూరమైన దుకాణాలలో బేరాలు సాగక, పలువురు కాలక్రమంలో మళ్లీ వీధినే ఆశ్రయించారు. స్పెయిన్‌లోని బార్సిలోనాలో దుప్పటి పరచి సరకు అమ్ముకొనే వలస వర్తకులు 2015లో సంఘంగా ఏర్పడి, తమ సమస్యలను తామే చెప్పుకోసాగారు. వర్తకులను అడగకుండా వారికి జాగా నిర్ణయిస్తే ఫలితం ఉండదని మొదటి ఉదాహరణ, వారు ఒక్కటైతే వారి మాటకు విలువ వస్తుందని రెండవది తెలియజేస్తాయి. మన చట్టం కమిటీలో వర్తకులకు 40 శాతం స్థానం ఇవ్వడంలోని ఆంతర్యమూ ఇదే.

వీధి అందరిదీ

ఇంత చెప్పినంత మాత్రాన వీధి మొత్తం వర్తకులదే అని భావించరాదు. బడికి పోయే పిల్లలకు, వృద్ధులకు, అంబులెన్సుకు దారి అత్యవసరం. కాలిబాట నిండా బండ్లు పెడితే నడిచేవారు వాహనాల మధ్యకు దిగవలసి వస్తుంది. కుళ్లిన కాయలు, తొక్కలు కాలువలో వేస్తే బజారుకే కీడు. చట్టం రక్షణతో పాటు బాధ్యతలనూ నిర్దేశించింది. అయితే రద్దీ అనే ఒక్క మాటతో గంపను గెంటివేయడం న్యాయం కాదు. రోడ్డు మీద గంటల తరబడి నిలిపిన ఒక్క కారు ఆక్రమించే చోటులో నలుగురు గంపలవారు కూర్చోవచ్చు. కారును చూసి రద్దీ అనని మనం గంపను చూసి ఆక్రమణ అనడంలో ఎంత సబబున్నదో ఆలోచించాలి. తెల్లని గీత గీసి, ఇంతవరకు నడిచేవారికి, ఇక్కడి నుంచి అమ్మేవారికి అని విభజిస్తే ఇద్దరికీ మేలు జరుగుతుంది. దానికి తోడు కాస్త నీడ, తాగే నీరు, స్త్రీలకు మరుగుదొడ్డి ఏర్పాటు చేయడం ఏ పంచాయతీకీ మోయరాని భారం కాదు.

వీధి వర్తకురాలు ఎవరి జాలికీ చేయి చాచదు. సరకు ఇచ్చి డబ్బు తీసుకొంటుంది. పైగా కొసరు కూడ వేస్తుంది. ఆమెకు కావలసింది జాగా, ముందే తెలిసిన సుంకం, సరకు పోదన్న అభయం. ఈ మూడింటినీ ఇవ్వడం పాలకుల పని. కొనేవారి పని కూడ ఒకటున్నది. పెద్ద దుకాణంలో అట్ట మీద అచ్చువేసిన ధరను మారుమాటాడక చెల్లించి, గంప దగ్గర మాత్రం పది రూపాయలకు పట్టుబట్టడం మానుకోవాలి. బేరమాడవచ్చు, అది బజారు మర్యాదే. అయితే ఆ పది రూపాయలు ఆమె ఉదయం తెచ్చిన అప్పుకు సాయంత్రం కట్టే వడ్డీలో భాగమని గుర్తుంచుకొని బేరమాడాలి.

కఠిన పదాలు – అర్థాలు

ఆశీలు : సంతలో, బజారులో అమ్మేవారి నుంచి వసూలు చేసే రుసుము
కొసరు : కొన్న సరకు మీద అదనంగా ఇచ్చేది
బోణీ : ఆ రోజు జరిగే మొదటి అమ్మకం
వాడిక : అలవాటుగా ఒకరి వద్దనే కొనడం
ముచ్చిక : కాయకు తొడిమ ఉండే చోటు
క్రయవిక్రయాలు : కొనడం, అమ్మడం
రూక : పూర్వకాలపు ఒక నాణెం
అభయం : భయం లేదన్న హామీ
జప్తు : అధికారంతో స్వాధీనం చేసుకోవడం
విజ్ఞత : తెలివి, వివేకం
సహేతుకం : తగిన కారణంతో కూడినది
ఆంతర్యం : లోపలి ఉద్దేశం

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.

1. మామిడి సీమలోని వీధి వర్తకుల వృత్తినైపుణ్యాన్ని వివరించండి.
2. వీధి వర్తకులను పీడించే మూడు కష్టాలను తెలిపి, వాటికి పరిష్కారాలను సూచించండి.
3. మోటుపల్లి అభయశాసనాన్ని 2014 నాటి చట్టంతో పోల్చి వ్రాయండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.

1. మామిడికీ మిరపకూ గల ప్రయాణ సంబంధాన్ని తెలపండి.
2. “హక్కు దొరికింది కాని జాగా దొరకలేదు” – ఈ వాక్యాన్ని సందర్భంతో వివరించండి.
3. లీమా, మెక్సికో నగరాల అనుభవాలు నేర్పే పాఠాలేమిటి?

ఇ) ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.

1. ‘యాపా’ ఏ భాషకు చెందిన మాట?
2. క్రీడాభిరామం దశరూపకాలలో ఏ భేదానికి చెందినది?
3. ‘ఎల్ మనిసెరో’ పాటను కూర్చినవారెవరు?
4. సోదన్ సింగ్ కేసులో తీర్పు ఏ సంవత్సరంలో వెలువడింది?

ఈ) వ్యాకరణం

సంధులు:
వామనావతారం = వామన + అవతారం – సవర్ణదీర్ఘ సంధి
సర్వోన్నత = సర్వ + ఉన్నత – గుణసంధి
అత్యధికం = అతి + అధికం – యణాదేశ సంధి
నాలుగడుగులు = నాలుగు + అడుగులు – ఉత్వసంధి
ఏమేమి = ఏమి + ఏమి – ఆమ్రేడిత సంధి

సమాసాలు:
క్రయవిక్రయాలు – క్రయమును విక్రయమును – ద్వంద్వ సమాసం
మామిడితోట – మామిడి యొక్క తోట – షష్ఠీ తత్పురుష సమాసం
జప్తు భయం – జప్తు వలన భయం – పంచమీ తత్పురుష సమాసం
మూడడుగులు – మూడు సంఖ్య గల అడుగులు – ద్విగు సమాసం

ప్రకృతి – వికృతులు:
శుల్కం – సుంకం. ఆశ్చర్యం – అచ్చెరువు. రాత్రి – రాతిరి

ఉ) ప్రాజెక్టు పని

మీ ఊరి బజారులో లేదా వారపు సంతలో అమ్మేవారితో మర్యాదగా మాట్లాడి, వారు ఉదయం సరకు కొనే చోటు, పెట్టుబడి తెచ్చుకొనే విధం, రోజూ చెల్లించే ఆశీలు వివరాలను వారి పేర్లు లేకుండా సేకరించి, రెండు పుటల నివేదిక వ్రాయండి. వారు వాడే కొలతల, లెక్కల పదాలను ప్రత్యేకంగా జాబితా తయారుచేయండి.